పది యూనిట్లే ఇచ్చాను, తిన్నాక కూడా షుగర్ మళ్లీ ఎందుకు పడిపోయింది?

కొత్త_స్టాఫ్ | సోమవారం, ఉదయం 10:05
మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సుగా చేరి నాలుగు నెలలైంది. నైట్ డ్యూటీ దిగి వచ్చా కానీ నిద్ర పట్టట్లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

అరవై దాటిన పెద్దాయన, కాలికి పుండు, ఇన్ఫెక్షన్, పాత షుగర్. రాత్రి 8కి రెగ్యులర్ ఇన్సులిన్ 10 యూనిట్లు అని రాసి ఉంది. చెక్ చేస్తే 212. పొట్ట దగ్గర చర్మం కింద ఇచ్చాను. "భోజనం వస్తుంది, తినేయండి" అంటే "ఆ, తింటానమ్మా" అన్నారు. అదే టైముకి పక్క బెడ్‌కి కొత్త అడ్మిషన్, ఆయాసంతో వచ్చింది, నేను అందులో పడిపోయా. 9:20కి వాళ్లబ్బాయి వచ్చి "సిస్టర్, నాన్న ఏదేదో మాట్లాడుతున్నాడు" అన్నాడు. వెళ్లి చూస్తే చొక్కా వీపుకి అతుక్కుపోయేంత చెమట, వేళ్లు వణుకుతున్నాయి, నన్ను వాళ్ల చెల్లెలనుకుని కోప్పడుతున్నారు. ట్రే మీద మూత కూడా తీయలేదు. షుగర్ 46.

స్పృహలోనే ఉన్నారు, మింగగలుగుతున్నారు, అందుకని గ్లూకోజ్ కలిపి తాగించి డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేశా. 15 నిమిషాలకి 78. తర్వాత భోజనం మొత్తం తిన్నారు, ఈసారి పక్కనే నిలబడి చూశా. 10:15కి 124. హమ్మయ్య అనుకున్నా. రాత్రి 12:30కి ఎందుకో మనసు ఒప్పక మళ్లీ చూస్తే 58! మళ్లీ గ్లూకోజ్, డాక్టర్ వచ్చి డెక్స్‌ట్రోజ్ డ్రిప్ పెట్టించారు. తెల్లారేసరికి నిలబడింది.

తినకముందు పడిపోవడం నా తప్పే, ఒప్పుకుంటా. కానీ కడుపు నిండా తిన్నాక మళ్లీ ఎందుకు పడింది? ఇచ్చింది పది యూనిట్లే కదా.

ఐసీయూ_గుడ్లగూబ | సోమవారం, ఉదయం 10:48
ముందు నువ్వు పడుకో. తర్వాత చదువు.

చేసింది కరెక్టే. 70 కంటే తగ్గితే గ్లూకోజ్ ఇవ్వాలి, 54 కంటే తగ్గితే అది సీరియస్ కిందే లెక్క. మింగగలిగే మనిషికి 15 గ్రాముల గ్లూకోజ్, 15 నిమిషాలు ఆగి మళ్లీ చెక్, ఇంకా తక్కువుంటే మళ్లీ 15 గ్రాములు, నిలబడ్డాక భోజనం. స్పృహ తప్పిన మనిషికి మాత్రం నోట్లో చుక్క కూడా పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నరంలోకి ఐవీ సూది ఉంటే డెక్స్‌ట్రోజ్, 50 శాతందైతే 50 మి.లీ., 25 శాతందైతే 100 మి.లీ., ఎలా చూసినా 25 గ్రాములే. ఐవీ దొరక్కపోతే గ్లూకగాన్ 1 మి.గ్రా. కండకి.

అందరూ మర్చిపోయే పని 12:30 చెక్, అది నువ్వు చేశావు. రెగ్యులర్ ఇన్సులిన్ అరగంటకి మొదలై రెండు నుంచి నాలుగు గంటల మధ్య గట్టిగా పనిచేస్తుంది, ఆరేడు గంటల దాకా ఉంటుంది. 9:20కి తాగించిన గ్లూకోజ్ అప్పటికప్పుడు ఖర్చైపోతుంది కానీ ఇన్సులిన్ ఇంకా అక్కడే ఉంటుంది.

అయినా 10 యూనిట్లకి, ఫుల్ భోజనం తర్వాత, నాలుగున్నర గంటలకి 58 అంటే కొంచెం ఎక్కువే. కిడ్నీలు ఎలా ఉన్నాయి? క్రియాటినిన్ ఎక్కువుంటే ఇన్సులిన్ ఒంట్లోంచి త్వరగా పోదు. ఇంకోటి, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి షుగర్ మాత్రలు కూడా నడుస్తున్నాయా? వాటితో పడితే ఒక్కసారితో ఆగదు, రోజంతా కాపలా కాయాలి. స్టెరాయిడ్ ఏమైనా ఈమధ్య ఆపారా?

కొత్త_స్టాఫ్ | సోమవారం, ఉదయం 11:02
క్రియాటినిన్ 1.1, నార్మలే. షుగర్ మాత్రలన్నీ అడ్మిషన్ రోజే ఆపేశారు. స్టెరాయిడ్ లేదు. వాంతులు కూడా లేవు, తిన్నది లోపలే ఉంది.

థర్డ్‌ఇయర్ | సోమవారం, ఉదయం 11:30
మధ్యలో దూరుతున్నందుకు సారీ. వైవాలో షుగర్ పడితే ఏమిస్తావని అడిగితే చాక్లెట్ అన్నాను, మేడం ఒక చూపు చూశారు. ఎందుకు తప్పు?

ట్యూటరమ్మ | సోమవారం, మధ్యాహ్నం 12:15
ఆ చూపు నాది కాదని ఆశిస్తున్నా :)

చాక్లెట్‌లో కొవ్వు ఉంటుంది, కొవ్వుంటే కడుపు మెల్లగా ఖాళీ అవుతుంది, చక్కెర రక్తంలోకి ఆలస్యంగా వెళ్తుంది. నీకు కావలసింది పది నిమిషాల్లో ఎక్కేది. గ్లూకోజ్ పొడి, పళ్ల రసం, ఏమీ లేకపోతే మూడు నాలుగు టీస్పూన్ల పంచదార నీళ్లలో. ఇందులో ఒక మెలిక ఉంది, అది చెప్తే వైవాలో మేడం నవ్వుతారు: అకార్బోస్, వోగ్లిబోస్ అనే షుగర్ మాత్రలు వాడే పేషెంట్‌కి పంచదార సరిగ్గా పనిచేయదు. ఆ మాత్రలు పేగులో పంచదార విడిపోకుండా అడ్డుకుంటాయి కదా, కాబట్టి వాళ్లకి నేరుగా గ్లూకోజే ఇవ్వాలి.

అమ్మకి_తోడు | సోమవారం, మధ్యాహ్నం 1:40
నేను నర్సుని కాదండి, మా అమ్మ ఇన్సులిన్ మీద ఉంది, నేనే ఇస్తాను. ఈ చర్చ చదివితే భయమేస్తోంది. మా అమ్మకి బీపీకి ప్రొప్రనలాల్ కూడా ఉంది. ఒకసారి షుగర్ 52 వచ్చింది, వణుకు లేదు, గుండె దడ లేదు, ఊరికే సోఫాలో కూర్చుని టీవీ వైపు చూస్తూ ఉంది, పిలిస్తే "ఊ" అంటోంది. మామూలుగా చెక్ చేశాను కాబట్టి తెలిసింది. లక్షణాలు రాలేదంటే మీటర్ తప్పా?

ఐసీయూ_గుడ్లగూబ | సోమవారం, మధ్యాహ్నం 2:05
మీటర్ తప్పు కాకపోవచ్చండి, ఆ మాత్ర పని అది. ప్రొప్రనలాల్ లాంటివి దడనీ వణుకునీ కప్పేస్తాయి. చెమటని మాత్రం కప్పలేవు. అమ్మగారి మెడ వెనక, నుదురు తడిగా ఉందేమో చూసుకోండి, ఊరికే అలా చూస్తూ ఉండిపోవడం, పొంతన లేని మాటలు, కారణం లేని కోపం, ఇవన్నీ గుర్తే. అనుమానమొస్తే వెంటనే గుచ్చి చూడండి. మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు, అది హఠాత్తుగా ఆపితే గుండెకి వేరే గొడవ. డాక్టర్‌కి ఈ 52 సంగతి తప్పకుండా చెప్పండి.

పాత_కాపు | సోమవారం, సాయంత్రం 4:20
అందరూ మందుల గురించే మాట్లాడుతున్నారు, ఒక్కరూ చేతిలో ఉన్న వస్తువు గురించి అడగలేదు.

చెల్లీ, సిరంజి మూత ఏ రంగు? వయల్ మీద, అదే ఇన్సులిన్ సీసా మీద, 40 అని ఉందా 100 అని ఉందా?

కొత్త_స్టాఫ్ | సోమవారం, సాయంత్రం 4:31
గుర్తు లేదక్కా. ఇన్సులిన్ సిరంజే. 10 గీత దాకా లాగాను, పక్క స్టాఫ్‌కి చూపించా, "ఆ పది" అంది. ఎందుకు?

పాత_కాపు | సోమవారం, సాయంత్రం 4:50
ఎందుకంటే పది గీత అంటే పది యూనిట్లు కాదు, ఆ సిరంజి ఏ వయల్ కోసం చేశారో ఆ వయల్‌లోంచి తీస్తేనే పది యూనిట్లు.

వయల్‌లో వచ్చే ఇన్సులిన్ మన దగ్గర మామూలుగా రెండు బలాల్లో దొరుకుతుంది. ఒక మి.లీ.లో 40 యూనిట్లుండేది ఒకటి, 100 ఉండేది ఒకటి. 40 సిరంజికి ఎర్ర మూత, 100 సిరంజికి ఆరెంజ్ మూత. ఎర్ర మూత సిరంజిలో 10 గీత దాకా లాగితే లోపలికొచ్చేది పావు మి.లీ. అది 40 వయల్ అయితే 10 యూనిట్లు, సరిపోయింది. అదే పావు మి.లీ. 100 వయల్‌లోంచి వస్తే? 25 యూనిట్లు.

తిరగేసి చూడు. ఆరెంజ్ సిరంజిలో 10 గీత అంటే 0.1 మి.లీ. దాన్ని 40 వయల్‌లోంచి తీస్తే వెళ్లేది 4 యూనిట్లే. అప్పుడు ఎవరికీ చెమటలు పట్టవు, షుగర్ 300 దగ్గర కూర్చుంటుంది, డాక్టర్ రోజూ డోసు పెంచుకుంటూ పోతారు, ఒకరోజు ఎవరో సరైన సిరంజితో ఇస్తారు. ఆ తర్వాత ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

రాత్రి డ్యూటీకి వెళ్లినప్పుడు ట్రాలీ చూడు. మూత రంగు ఒక్కటే నమ్మొద్దు, సిరంజి ఒంటి మీద రాసి ఉంటుంది, చదువు.

థర్డ్‌ఇయర్ | సోమవారం, సాయంత్రం 5:15
అమ్మో. మరి ఇద్దరు చూసి కూడా ఎలా తప్పుతుంది?

పాత_కాపు | సోమవారం, సాయంత్రం 5:40
ఇద్దరూ ఒకే గీతని చూశారు కాబట్టి. రెండో మనిషికి "ఇది పది కదా" అని చూపిస్తే ఆవిడ పదే చూస్తుంది. ఆర్డరూ వయలూ సిరంజీ ఆవిడ చేతికిచ్చి నోరు మూసుకో, ఆవిడే చదివి ఎన్నో చెప్పాలి. లేకపోతే అది రెండో సంతకమే కానీ రెండో చెక్ కాదు.

ఓటీ_పక్షి | సోమవారం, రాత్రి 7:10
నిజం. మా దగ్గర కేస్ షీట్‌లో ఎవరో ఇంగ్లిష్‌లో 4 పక్కన యూనిట్ అనడానికి ఒక్క యూ అక్షరం పెట్టారు, తొందర్లో రాస్తే ఆ యూ పైన కలిసిపోయి సున్నాలా కనిపించింది. 4 కాస్తా 40. ఇచ్చే అమ్మాయి తెలివైనది కాబట్టి "ఒక్కసారికి 40 ఎవరికిస్తారు" అని ఫోన్ చేసింది. అప్పట్నుంచి మా వార్డులో యూనిట్లు అని పూర్తిగా రాయాల్సిందే. దశాంశాలు కూడా అంతే. 1.0 అని రాస్తే చుక్క కనబడక 10 అవుతుంది, సున్నా లేకుండా .5 అని రాస్తే 5 అవుతుంది. 1 అని రాయండి, 0.5 అని రాయండి.

ట్యూటరమ్మ | సోమవారం, రాత్రి 7:45
మెథోట్రెక్సేట్ కూడా ఈ కోవలోదే. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారి ఇచ్చే మాత్ర. అలవాటు కొద్దీ "రోజూ" అని ఎక్కించేస్తారు. నోటి పూత, తెల్లకణాలు పడిపోవడం, ప్రాణాల మీదకి వస్తుంది. నా స్టూడెంట్లకి ఎప్పుడూ చెప్తా, ఆ మందు పక్కన వారం పేరు లేకపోతే ఇవ్వకండి, ఫోన్ చేసి తిట్లు తినండి, పర్లేదు.

కొత్త_స్టాఫ్ | మంగళవారం, తెల్లవారుజాము 3:12
అక్కా.

వయల్ మీద మి.లీ.కి 100 అని ఉంది. ట్రాలీ రెండో అరలో సిరంజిల డబ్బా, ఎర్ర మూతలు. ఒంటి మీద 40. చేతులు వణికాయి నాకు, ఈసారి షుగర్ వల్ల కాదు.

ఆదివారం సాయంత్రం ఆరెంజ్‌వి అయిపోతే ఎవరో స్టోర్ నుంచి ఈ డబ్బా తెచ్చి పెట్టారట. అంటే నేను ఇచ్చింది 25 యూనిట్లు. చార్ట్ తిరగేశా, శుక్ర, శనివారాల్లో అదే 10 యూనిట్లకి రాత్రి 11కి 190, 176 ఉన్నాయి. ఆదివారం మాత్రమే ఇలా. ఇంకో పేషెంట్‌కి కూడా ఇన్సులిన్ ఉంది కానీ ఆవిడకి ఇన్సులిన్ పెన్నుతో ఇస్తారు, కాబట్టి ఆవిడ సేఫ్.

ఇప్పుడేం చేయాలి? ఆ డబ్బా తీసి లాకర్‌లో పెట్టేశా. ఎవరికీ చెప్పలేదు ఇంకా.

జాగ్రత్త_మనిషి | మంగళవారం, ఉదయం 6:30
నా సలహా, సిరంజిలు మార్చేయ్, ఊరుకో. పేషెంట్ బాగున్నాడు. రాసిచ్చావంటే కాగితం మీద నీ పేరే ఉంటుంది, స్టోర్ వాళ్ల పేరు ఉండదు. నాలుగు నెలల స్టాఫ్ మాట ఎవరు వింటారు? నేను ఒకసారి నిజాయితీగా రాసిచ్చి ఆరు నెలలు ఆ కథ మోశాను. ఇలాంటి చోట ఆదర్శాలు చెప్పడం తేలిక.

ఐసీయూ_గుడ్లగూబ | మంగళవారం, ఉదయం 7:05
నీ అనుభవం అబద్ధం అనను. కానీ ఇక్కడ ఊరుకుంటే పేషెంట్‌కే దెబ్బ. కొత్త_స్టాఫ్, సోమవారం రౌండ్స్‌లో డాక్టర్ ఇన్సులిన్ డోసు తగ్గించారా?

కొత్త_స్టాఫ్ | మంగళవారం, ఉదయం 7:11
అవును, 10 నుంచి 4కి. నిన్న రాత్రి 4 యూనిట్లు, అక్క మాటకి భయపడి పక్క వార్డు నుంచి తెచ్చిన ఆరెంజ్ సిరంజితో ఇచ్చాం. ఇప్పుడు ఫాస్టింగ్ 268.

ఐసీయూ_గుడ్లగూబ | మంగళవారం, ఉదయం 7:20
అదీ సంగతి. "10 యూనిట్లకే ఈ మనిషి పడిపోయాడు" అనుకుని డాక్టర్ 4 చేశారు. ఆయన పడింది 10కి కాదు, 25కి. ఆ నిజం తెలియకపోతే కాలి పుండు ఉన్న మనిషి షుగర్ 260, 270ల్లో తిరుగుతూ ఉంటుంది, పుండు మానదు. నీ పేరు కంటే ముందు ఆ డోసు సరిచేయాలి. రౌండ్స్‌కి ముందే చెప్పు.

పాత_కాపు | మంగళవారం, ఉదయం 7:34
ఎలా చెప్పాలో కూడా చెప్తా, లేకపోతే ఏడుస్తూ మొదలుపెట్టి చివరికి ఏమీ చెప్పకుండా వస్తావు. నేనూ అలాగే వచ్చాను మొదటిసారి.

ముందు హెడ్ నర్స్ దగ్గరికి వెళ్లు, వయల్, సిరంజి రెండూ చేతిలో పట్టుకుని. "ఆదివారం రాత్రి 8కి ఈ వయల్‌లోంచి ఈ సిరంజితో 10 గీత దాకా ఇచ్చాం, లెక్క ప్రకారం 25 యూనిట్లు వెళ్లాయి, 46కి, 58కి పడింది, ఇప్పుడు 268 ఉంది, డోసు 10 నుంచి 4కి తగ్గించారు, అది డాక్టర్ మళ్లీ చూడాలి, డబ్బా పక్కన పెట్టాను." అంతే. ఎవరు తెచ్చారు, ఎవరిది తప్పు, అవేవీ నీ నోటి నుంచి రావొద్దు. టైము, అంకెలు, ఇప్పుడు ఏం కావాలి. తర్వాత ఇన్సిడెంట్ ఫారం, అంటే జరిగిన పొరపాటు రాసిచ్చే కాగితం. కేస్ షీట్‌లో పాత రాత మీద దిద్దొద్దు, కొట్టేయొద్దు, ఇవాళ్టి టైము వేసి కొత్తగా రాయి.

జాగ్రత్త_మనిషి | మంగళవారం, ఉదయం 8:02
డోసు మాట నాకు తట్టలేదు. సరే, చెప్పు. ఫారం కాపీ ఒకటి ఉంచుకో మాత్రం.

థర్డ్‌ఇయర్ | మంగళవారం, ఉదయం 9:40
ఆవిడ వచ్చేలోపు ఒకటి అడుగుతా. ఇన్సులిన్ కాకుండా ఇంకా ఏ మందులకి మీరు ఇలా భయపడతారు? లిస్టు వద్దు, పుస్తకంలో ఉంది. మీకు నిజంగా చెమట పట్టినవి చెప్పండి.

ఓటీ_పక్షి | మంగళవారం, ఉదయం 10:15
పొటాషియం క్లోరైడ్. చిన్న ఆంప్యూల్, నీళ్లలా ఉంటుంది, సలైన్ ఆంప్యూల్ పక్కనే పడుంటుంది. నేరుగా ఐవీలోకి తోస్తే గుండె ఆగిపోతుంది, అక్కడ వెనక్కి తీసుకోవడం ఉండదు. ఎప్పుడైనా కలిపి మెల్లగా డ్రిప్‌లోనే, చేతి నరంలోంచి మామూలు వార్డులో గంటకి 10 మిల్లీ ఈక్వివలెంట్లు దాటనివ్వరు. కలిపాక బాటిల్‌ని తలకిందులు చేసి బాగా కలపాలి, లేకపోతే మందంతా అడుగున చేరి మొదటి కాస్తలోనే వెళ్లిపోతుంది. మూత్రం వస్తోందో లేదో చూడకుండా పెట్టకండి, కిడ్నీ బయటికి పంపకపోతే పొటాషియం ఎక్కడికి పోతుంది?

ట్యూటరమ్మ | మంగళవారం, ఉదయం 10:50
నాకు డిగాక్సిన్, గుండె మాత్ర. పెద్దావిడ, రెండు రోజులుగా అన్నం సహించట్లేదు, వికారం. అందరం గ్యాస్ అన్నాం, గ్యాస్ మాత్ర ఇచ్చాం. మూడో రోజు దుప్పటి చూపించి "ఇది పసుపుగా ఎందుకుందమ్మా" అంది. దుప్పటి తెల్లది. అప్పుడు వెలిగింది. పల్స్ 48. మూత్రం ఎక్కువగా తెప్పించే ఫ్రూసెమైడ్ కూడా నడుస్తోంది, దాంతో పొటాషియం పడిపోయింది, పొటాషియం తక్కువుంటే డిగాక్సిన్ విషం ఇంకా తొందరగా ఎక్కుతుంది. అందుకే ఆ మాత్ర ముందు స్టెతస్కోప్ గుండె మీద పెట్టి పూర్తి నిమిషం లెక్కపెట్టమంటాం, పెద్దవాళ్లకి 60 కంటే తక్కువుంటే ఆపి డాక్టర్‌ని అడగాలి. మణికట్టు మీద పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించడం ఇక్కడ చెల్లదు, లయ తప్పిన గుండెకి ఆ లెక్క అబద్ధం చెప్తుంది.

ఐసీయూ_గుడ్లగూబ | మంగళవారం, ఉదయం 11:20
మీరందరూ మందులు చెప్పారు. నాకు చెమట పట్టించేది చార్ట్‌లో శ్వాస గడి. ఏ వార్డు నుంచి పేషెంట్ వచ్చినా శ్వాస నిమిషానికి 20. ముప్పై మంది పేషెంట్లు, ముప్పై మందికీ 20, రాత్రి రెండింటికీ 20, చనిపోయే ముందు రోజు కూడా 20. బీపీ, పల్స్, ఆక్సిజన్ మెషిన్ చెప్తుంది కాబట్టి నిజం రాస్తాం, శ్వాస ఒక్కటే మనం లెక్కపెట్టాలి కాబట్టి కల్పిస్తాం. నేనూ కల్పించినదాన్నే. మొదటి ఏడాది ఒక కుర్రాడికి ఆక్సిజన్ 95, బీపీ బాగుంది, నేను 20 రాశాను. సీనియర్ వచ్చి మంచం దగ్గర నిమిషం పాటు ఊరికే నిలబడింది, నేను ఏం చూస్తోందా అనుకున్నా. "34" అంది. ఆ రాత్రే ఐసీయూకి మారాడు. మనిషి శరీరం దిగజారడం మొదలైతే మొదట మారేవాటిలో శ్వాస ఒకటి, బీపీ చివరి దాకా బాగానే నటిస్తుంది, ముఖ్యంగా కుర్రాళ్లలో.

పల్స్ చూస్తున్నట్టు చెయ్యి పట్టుకునే ఉండి లెక్కపెట్టండి, "మీ శ్వాస చూస్తున్నా" అంటే మార్చేస్తారు.

అమ్మకి_తోడు | మంగళవారం, మధ్యాహ్నం 12:30
మళ్లీ నేనే. మా ఇంట్లో సిరంజి, వయల్ రెండూ చూశా, రెండూ 40. బతికాను. ఇంకో ప్రశ్న, అమ్మకి మింగడం కష్టమై మాత్రలన్నీ పొడి చేసి ఇస్తున్నా. పర్లేదా?

ట్యూటరమ్మ | మంగళవారం, మధ్యాహ్నం 12:55
అన్నీ కాదండి. పేరు చివర ఎస్సార్, ఎక్సార్, సీఆర్ లాంటి అక్షరాలుంటే అవి రోజంతా మెల్లగా విడుదలయ్యే మాత్రలు, పొడి చేస్తే రోజు డోసు ఒక్క గుక్కలో పోతుంది. కడుపులో కరగకుండా పైన పూత వేసినవి కూడా నలపకూడదు. మాత్రల కవర్లన్నీ తీసుకెళ్లి ఫార్మసిస్ట్‌కి చూపించండి, చాలావాటికి సిరప్ ఉంటుంది. మింగడం కొత్తగా కష్టమైందంటే అది కూడా డాక్టర్‌కి చెప్పాల్సిన విషయమే, పొలమారుతోందా? మందు ఇచ్చేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టండి, తర్వాత అరగంట పడుకోనివ్వకండి.

కొత్త_స్టాఫ్ | మంగళవారం, సాయంత్రం 5:25
నిద్ర లేచా. చెప్పేశాను.

హెడ్ నర్స్ వయల్, సిరంజి పక్కపక్కన పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "కూర్చో" అన్నారు. పాత_కాపు అక్క రాసిన వరస ఫోన్‌లో చూసుకుంటూ బట్టీ పట్టినట్టే చెప్పా. డాక్టర్‌కి ఆవిడే ఫోన్ చేశారు. డోసు మళ్లీ మార్చారు, ఈరోజు ప్రతి భోజనానికి ముందు, రాత్రి 2కి చెక్ రాశారు. పెద్దాయన కొడుక్కి డాక్టర్ చెప్పారు, నేనూ పక్కనే నిలబడ్డా. ఆ అబ్బాయి నా వైపు చూసి "ఆ రాత్రి మళ్లీ వచ్చి చూసింది మీరే కదా" అన్నాడు. అది మెచ్చుకోవడమో, ఇంకేమిటో నాకు అర్థం కాలేదు. క్షమించమని అడిగా. తలూపాడు.

ఫారం రాశా. మెమో వస్తుందో లేదో తెలియదు. జాగ్రత్త_మనిషి గారూ, కాపీ ఉంచుకున్నా.

థర్డ్‌ఇయర్ | మంగళవారం, సాయంత్రం 5:50
అక్కా, మీరు రాత్రి భోజనం దగ్గర ఇప్పుడేం చేస్తారు?

కొత్త_స్టాఫ్ | మంగళవారం, సాయంత్రం 6:04
ట్రే మంచం దగ్గరికి వచ్చాక, మూత తీశాక సిరంజి తీస్తా. "తింటాను" అన్న మాట లెక్కలోకి రాదు. మరీ డౌటున్న పేషెంట్లయితే డాక్టర్‌ని ముందే అడుగుతా, తినకపోతే ఇవ్వాలా ఆపాలా అని.

పాత_కాపు | మంగళవారం, సాయంత్రం 6:30
మంచిది. ఎర్ర సిరంజిలన్నీ స్టోర్‌కి వెనక్కి పంపించారా? ట్రాలీ ఒక్కటే కాదు, ఎమర్జెన్సీ ట్రే, ప్రొసీజర్ రూమ్ డ్రాయర్ కూడా చూడండి. ఎప్పుడూ రెండు మూడు ఎక్కడో మిగిలిపోతాయి.

కొత్త_స్టాఫ్ | మంగళవారం, రాత్రి 9:15
డ్యూటీ ఎక్కగానే చూశా అక్కా. ప్రొసీజర్ రూమ్ డ్రాయర్‌లో, డ్రెస్సింగ్ పట్టీల కింద. నాలుగున్నాయి.